ప్రదర్శనశాలలోని చల్లదన మెవరికొరకు?

మిరుదొడ్డినుండి పనిమీద హైదరాబాదు పోయిన మన సోదరులు, పని తీరిన పిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని ప్రదర్శనశాలకు పోవుట కలదు. వైశాఖమాసపు టెండలో నడచివచ్చినవారు శీతలయంత్రము పనిచేయు గదిలో నడుగిడినతోడనే ప్రాణము లేచివచ్చినదని సంతోషింతురు. వారి సంతోషమునకు మే మడ్డురాము. కాని యా చల్లదనము చూడవచ్చినవారికొరకే యని యంత్రములను కొనుటకు సంతకములు చేయు పెద్దలు కూడ భావించుచున్నారేమో యని మాకు శంక కలుగుచున్నది.

ఈ ప్రశ్న యిప్పుడేల యనగా, పాత శీతలయంత్రములలో వాడు ఆర్-22 అను వాయువును మాంట్రియల్ ఒప్పందము ననుసరించి మనదేశము 2030 నాటికి విడువవలసియున్నది. ఆ వాయువుతో నడచు యంత్రమున్న ప్రతి శాలలోను దానిని మార్చు పని నేడో రేపో రాక తప్పదు. మార్చునపుడు ధర తక్కువయని యింటి గదులకు బిగించు యంత్రములనే తెచ్చి నాలుగు గోడలకు తగిలించుట సులభము. అందే ప్రమాదమున్నది.

గాలిని చల్లబరచుట వేరు. గాలిలోని తడిని అదుపులో నుంచుట వేరు. వేడిగాలి మోసినంత తడిని చల్లగాలి మోయజాలదు. కావున తడి తీయక గాలిని మాత్రము చల్లార్చినచో గది చల్లనిదై, చెమ్మగిల్లును. సరియైన యంత్రము గాలిని మొదట మిక్కిలి చల్లార్చి, అందలి నీటిని కార్చివేసి, మరల కొంచెము వెచ్చజేసి గదిలోనికి వదలును. మనవంటి యుష్ణదేశమున వెచ్చజేయు సాధన మెందుకని లెక్కలు చూచువారు దానిని కొట్టివేయుదురు. కొట్టివేసినది వెచ్చదనమును గాదు, రక్షణను.

అంతకంటె హానికరమైనది సాయంకాలము తలుపులు మూయుచు మీట నొక్కి పోవుట. శ్రావణమాసపు రాత్రి బయటి తడిగాలి చల్లని గదిలోనికి జొచ్చినపుడు, చన్నీళ్లు పోసిన యిత్తడి చెంబు చెమర్చినట్లు లోహవిగ్రహములు చెమర్చును. కఱ్ఱయు, దంతమును, చిత్తరువును పగలు ముడుచుకొని రాత్రి ఉబ్బును. ఇట్లు దినదినము జరుగుటకంటె యంత్రమే లేకుండుట మేలని మా నిశ్చితాభిప్రాయము.

ఇది మా యూహ గాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనులోని నేషనల్ గ్యాలరీవారు తమ చిత్తరువులను బాంబులకు వెఱచి 1941లో వేల్స్‌దేశమందలి మానోడ్ అను పలకరాతి గనిలో దాచిరి. అచట గాలిని 17 డిగ్రీల వేడిమిని, నూటికి 42 వంతుల తడిని మించకయు తగ్గకయు ఉండునట్లు చూచిరి. ఏటేట రంగు పొరలు లేచి బాగుచేయవలసివచ్చిన పటములు ఆ గనిలో నెమ్మదిగా నుండెను. యుద్ధానంతరము మరల లండను గోడల కెక్కిన పిమ్మట పెచ్చులూడసాగెను. అప్పుడుగాని వారికి తమ శాలలకు గాలియంత్రములు కావలెనని తోచలేదు.

అయితే వారి యంకెలను మనము కన్నులు మూసికొని కాపీ చేయనక్కరలేదు. శతాబ్దములుగా దక్కను గాలికలవాటుపడిన వస్తువునకు వేల్స్ గని గాలి మేలు చేయునని యెవరు చెప్పగలరు? 2014లో వస్తుసంరక్షకుల అంతర్జాతీయ సంఘములే స్థానిక వాతావరణమున సాధ్యమగు నియమములుండవలెనని ప్రకటించినవి. ముఖ్యమైనది అంకె గాదు, నిలకడ.

ఆ నిలకడకు గది యంతయు మంచుగడ్డ చేయనక్కరలేదనుటకు నిదర్శనము హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలయందే యున్నది. ఆరవ నిజాము అల్లుడగు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టునుండి తెప్పించిన నాయిషు అను స్త్రీ మమ్మీని, ఏడవ నిజాము 1930లో ఆ శాల కొసగెను. రెండువేల యేండ్లకు పైబడి చెడని యా శరీరము మనయొద్ద నూఱేండ్లు నిండకమునుపే శిథిలము కాజొచ్చినది. 2016లో దానిని స్కానింగు చేయించి, ప్రాణవాయువును తొలగించి నత్రజని నింపిన గాజుపెట్టెలో నుంచిరి. ప్రాణవాయువు లేనిచోట పురుగు బ్రతుకదు, బూజు పట్టదు. గది యంతటికిని గాక, ఒక పెట్టెకు మాత్రమే కావలసిన గాలి! ఆ పనిచేసినవారిని మేము మనసార నభినందించుచున్నాము. కాని పెట్టె కారకుండ చూచుటకును, నత్రజని నింపుటకును ప్రతియేడు ద్రవ్యము కావలెను. ప్రారంభోత్సవమునకు దండలు దొరకినంత సులభముగా నిర్వహణకు నిధి దొరకదు గదా!

మన జిల్లాకును ఈ విషయముతో సంబంధము లేకపోలేదు. చేర్యాల నకాషీ పటము ఖద్దరు గుడ్డపై గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పూసి వ్రాయబడును. తడి హెచ్చిన బూజు పట్టును, తగ్గిన నెఱ్ఱెలు వాఱును. 2017లో పుల్లూరు, నర్మెట గ్రామములందు త్రవ్విన పెద్దరాతి సమాధులలో మన పూర్వుల యెముకలు బయటపడినవి. భూగర్భమున వేలయేండ్లు మాఱని గాలిలో నున్నవి, నేడు మన చేతికి వచ్చినవి. న్యాయశాస్త్రమున నిక్షేపము పుచ్చుకొన్నవాడు, సామాన్య వివేకి తన వస్తువును కాపాడుకొనునంత జాగ్రత్తతో దానిని కాపాడవలెను. ప్రదర్శనశాల మూడుతరముల నిక్షేపధారి.

కావున యంత్రము మార్చదలచిన ప్రతి శాలాధికారిని మేము కోరునది స్వల్పము. టెండరు పిలుచుటకు ముందు ఒక సంవత్సరము గదిలోని వేడిమిని, తడిని రాత్రింబగళ్లు కొలిపించి, ఆ పట్టికను గదిగుమ్మమునందే వ్రేలాడదీయవలెను. రాత్రి విద్యుత్తునకు, కరెంటు పోయినపుడు జనరేటరునకు, కొలతలు చూచు ఉద్యోగికి ఎంత సొమ్ము కేటాయించిరో దానిక్రిందనే వ్రాయవలెను. మిరుదొడ్డినుండి పోయిన మన పాఠకులు విగ్రహములతోపాటు ఆ కాగితమును గూడ చదివిరావలెను. అది కనబడనిచో నడుగవలెను.