అత్యవసర విభాగంలోనే ఆ మాట చెప్పాలి

ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన పొగతాగేవారికి అక్కడికక్కడే మానే దారి చూపితే ఫలితం ఉంటుందని బ్రిటన్‌లోని 6 ఆసుపత్రుల్లో 972 మందిపై జరిపి, 2024లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. క్లుప్తంగా సలహా, ఈ-సిగరెట్ కిట్, పొగ మాన్పించే కేంద్రానికి సిఫార్సు అందుకున్నవారిలో ఆరు నెలల తరవాత ఊపిరి పరీక్షలో మానినట్లు రుజువైనవారు 7.2 శాతం, సమాచార పత్రం చేతికిచ్చి పంపినవారిలో 4.1 శాతమే. అంకెలు చిన్నవే, కానీ ఏ ఆసుపత్రికైనా ఏటా వచ్చే వేలమందికి వర్తింపజేస్తే నిలిచే ప్రాణాలు తక్కువేమీ కావు. మనదేశంలో ఈ-సిగరెట్లపై 2019 నుంచి నిషేధం ఉంది. దాన్ని సాకుగా చూపి ఈ పాఠాన్నే పక్కనపెట్టడం తగదు. నికొటిన్ గమ్ మందుల దుకాణాల్లోనే దొరుకుతోంది, 1800-112-356 జాతీయ ఉచిత సహాయవాణి ఉంది. లేనిదల్లా ఈ రెండింటినీ రోగి మంచం దాకా తెచ్చే ఏర్పాటే. కిక్కిరిసిన క్యాజువాల్టీలో వైద్యులకు తీరిక ఉండదన్న మాట నిజమే. అందుకే ఆ బాధ్యతను శిక్షణ పొందిన నర్సుకో, కౌన్సెలర్‌కో అప్పగించాలి. ముందుగా జిల్లా, బోధనాసుపత్రుల్లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు దీన్ని మొదలుపెట్టాలి. బీడీ, చుట్ట అలవాటును కేసు షీటులో రాసి ఊరుకోవడం నమోదు అవుతుందే తప్ప వైద్యం కాదు.