పోషకాల దారిలో విష లోహాలు: భూసార పరీక్షలు చూడని ప్రమాదం

భార లోహాల వల్ల క్యాన్సర్ వస్తుందన్న సంగతి వ్యవసాయ విద్యార్థులకు కొత్త కాదు. కానీ అది ఎలా వస్తుందన్న ప్రశ్నను వైద్యశాస్త్రానికి వదిలివేయడం పరిపాటి అయింది. ఈ విభజన సరికాదు. మట్టి నుంచి వరి వేరులోకి విష లోహం ఏ తరహా దారిన ప్రవేశిస్తుందో, మానవ కణంలోకి కూడా ఆ తరహా దారినే ప్రవేశిస్తుంది. అది పోషకాల కోసం ఏర్పడిన దారి. కాబట్టి పోషక యాజమాన్యం బోధించే శాస్త్రవేత్తకు ఈ విషయంలో వైద్యునితో సమానమైన బాధ్యత ఉన్నది.

కాడ్మియం వరి మొక్కకు అవసరం లేని మూలకం. అయినా మాంగనీసును లోనికి చేర్చే ఓఎస్‌ఎన్‌రాంప్5 అనే వాహక ప్రోటీను కాడ్మియాన్ని కూడా వేరులోకి చేరుస్తుంది. నీరు నిలిచిన మడిలో ఏర్పడే ఆర్సెనైట్, సిలికాన్ ప్రవేశించే మార్గం గుండా మొక్కలో చేరుతుంది. ఆర్సెనేట్ ఫాస్ఫేట్‌ను పోలి ఉండడం వల్ల భాస్వరం వాహకాల ద్వారా ప్రవేశిస్తుంది.

కణంలో జరిగే నష్టం

మానవ కణంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. ఆరు సంయోజకత గల క్రోమియం, క్రోమేట్ రూపంలో సల్ఫేట్‌ను పోలి ఉంటుంది. అందువల్ల సల్ఫేట్ మార్గాల గుండా సులభంగా కణంలో చేరుతుంది. అక్కడ ఆస్కార్బేట్, గ్లూటాథయోన్ దానిని క్షయకరణం చేసి మూడు సంయోజకత గల క్రోమియంగా మారుస్తాయి. ఈ మార్పు జరిగే క్రమంలో చురుకైన మధ్యస్థ రూపాలు ఏర్పడతాయి. చివరకు మిగిలిన క్రోమియం డీఎన్ఏకు నేరుగా అతుక్కుంటుంది. కణం విషాన్ని తగ్గించుకొనేందుకు చేసే ప్రయత్నమే ఇక్కడ డీఎన్ఏకు హాని కలిగిస్తున్నది.

కాడ్మియం, ఆర్సెనిక్ పనితీరు ఇందుకు భిన్నమైనది. ఇవి డీఎన్ఏను నేరుగా దెబ్బతీయడం కంటే దానిని సరిచేసే యంత్రాంగాన్ని ఎక్కువగా బలహీనపరుస్తాయి. ప్రతి కణంలోనూ డీఎన్ఏకు రోజుకు వేల సంఖ్యలో చిన్న నష్టాలు సహజంగానే జరుగుతుంటాయి. వాటిని సరిచేసే ప్రోటీన్లలో పలు ప్రోటీన్లకు జింకు పరమాణువు ఆకృతినిచ్చే కీలకాంశం. ఎక్స్‌పీఏ వంటి మరమ్మతు ప్రోటీన్లలో జింకు స్థానాన్ని కాడ్మియం ఆక్రమించగలదు. పార్ప్-1 ప్రోటీనులోని జింకు స్థానాన్ని ఆర్సెనైట్ ఆక్రమించి దాని పనిని అడ్డుకుంటుంది. డీఎన్ఏ ప్రతులు తయారయ్యేటప్పుడు దొర్లే తప్పులను సవరించే వ్యవస్థను కూడా కాడ్మియం నిరోధిస్తుంది. ఫలితంగా సూర్యరశ్మి, పొగాకు వంటి ఇతర కారణాల వల్ల కలిగిన నష్టం సవరణకు నోచుకోక ఉత్పరివర్తనంగా స్థిరపడిపోతుంది.

మూడవ మార్గం జన్యువుల నియంత్రణకు సంబంధించినది. ఆర్సెనిక్‌ను విసర్జించేందుకు శరీరం దానికి మిథైల్ సమూహాలను జోడిస్తుంది. జన్యువుల పనిని నియంత్రించే డీఎన్ఏ మిథైలీకరణకు కూడా అదే నిల్వ అవసరం. ఆర్సెనిక్‌కు దీర్ఘకాలం గురైన కణాలలో ఈ మిథైలీకరణ క్రమం తప్పుతుంది. కణితులను అణచవలసిన జన్యువులు కొన్ని మూగపోతాయి. జన్యు అక్షరాలు మారకుండానే కణం స్వభావం మారిపోతుంది.

కాలం చెప్పే పాఠం

ఈ మార్పులన్నీ నిశ్శబ్దంగా జరుగుతాయి. మూత్రపిండాలలో చేరిన కాడ్మియంలో సగం తొలగిపోవడానికి 10 నుంచి 30 సంవత్సరాలు పడుతుంది. చిలీ దేశంలోని ఆంటోఫగాస్టా నగర ప్రజలు 1958 నుంచి 1970 వరకు లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీటిని తాగారు. 1970లో శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు ఆ తరువాత దశాబ్దాల పాటు అధికంగానే నమోదయ్యాయి. రోగం కనిపించిన తరువాత మేల్కొనే విధానం ఇక్కడ ఫలించదని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తున్నది.

అయితే సాక్ష్యాలను ఉన్నంత మేరకే చెప్పాలి. ఆర్సెనిక్, కాడ్మియం, ఆరు సంయోజకత గల క్రోమియం మూడింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులలో క్యాన్సర్ కారకాలుగా మొదటి వర్గంలో చేర్చింది. తాగునీటి ద్వారా ఆర్సెనిక్ చేసే హాని నిస్సందేహంగా రుజువైంది. కాడ్మియం, క్రోమియం విషయంలో బలమైన ఆధారాలు ప్రధానంగా కర్మాగారాలలో ధూళిని, పొగను పీల్చిన కార్మికుల నుంచి లభించాయి. ఆహారం ద్వారా చేరే కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీస్తుందని జపాన్‌లోని జింజూ నదీ పరీవాహకంలో వచ్చిన ఇటాయ్-ఇటాయ్ వ్యాధి నిరూపించింది. దాని వల్ల క్యాన్సర్ ముప్పు ఎంత అన్నది ఇంకా పరిశోధనలో ఉన్న అంశం. ఈ తేడాను రైతుకు, వినియోగదారునికి దాచకుండా చెప్పడం విస్తరణ ధర్మం.

పత్రంలో లేని గడి

2015లో ప్రారంభమైన భూ ఆరోగ్య పత్రం 12 అంశాలను నమోదు చేస్తుంది. అవి ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. వీటిలో విష లోహం ఒక్కటీ లేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములు మించరాదని నిర్దేశిస్తున్నది. సంచిలో ఉన్న కంపోస్టుకు హద్దు విధించి, అది ఏళ్ల తరబడి చేరే నేలను కొలవకపోవడం అసంగతం.

ప్రతి నమూనాకూ ఈ పరీక్ష అవసరం లేదు. హైదరాబాదు దిగువన మూసీ మురుగునీటితో ఆకుకూరలు, పశుగ్రాసం పండే భూములు, పారిశ్రామికవాడల పరిసరాలు, పట్టణ వ్యర్థాల ఎరువులు ఏటా వాడే క్షేత్రాలు మొదటి వరుసలో ఉండాలి. జింకు కోసం ఇప్పటికే తీస్తున్న డీటీపీఏ ద్రావణంలోనే కాడ్మియం, సీసం, నికెల్‌లను కూడా కొలవవచ్చు. స్వల్ప గాఢతలకు మరింత సున్నితమైన పరికరం, ఆర్సెనిక్‌కు వేరే పద్ధతి కావాలి. ఆ వ్యయం అధికమే అయినా గుర్తించిన ప్రాంతాలకు పరిమితం చేస్తే భరించరానిది కాదు.

ఈ సమాచారం లేకుండా ఇచ్చే మంచి సిఫారసు కూడా బెడిసికొట్టవచ్చు. నీటి పొదుపు కోసం, మీథేన్ తగ్గింపు కోసం వరిలో తడి-పొడి పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. మడి ఆరితే ఆర్సెనిక్ లభ్యత తగ్గుతుంది, కాడ్మియం లభ్యత పెరుగుతుంది. నీరు నిలిస్తే ఫలితం తారుమారవుతుంది. కాడ్మియం అధికంగా ఉన్న పొలాలలో ఈనిక దశకు ముందు, తరువాత సుమారు మూడు వారాలు నీరు నిలపాలని జపాన్‌లో సూచిస్తారు. ఆర్సెనిక్ ఉన్న పొలానికి అదే సలహా ఇస్తే హాని జరుగుతుంది. ఏ లోహం ఉన్నదో తెలియకుండా ఏ సలహా సరైనదో చెప్పలేము.

జింకు విషయం కూడా ఇటువంటిదే. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ సిఫారసు ఇంతవరకు దిగుబడి దృష్టితోనే సాగింది. జింకు లోపించిన నేలలో పంట కాడ్మియాన్ని ఎక్కువగా తీసుకొనే అవకాశం ఉన్నది. ఇనుము లోపించిన శరీరం, ముఖ్యంగా రక్తహీనత గల స్త్రీల శరీరం, కాడ్మియాన్ని అధికంగా గ్రహిస్తుంది. ఆమ్ల నేలల్లో సున్నం వేస్తే దాని లభ్యత తగ్గుతుంది. అందువల్ల లోప సవరణ ఆరోగ్య రక్షణ కూడా అవుతుంది. ఫలితం నేలను బట్టి మారుతుంది కనుక స్థానిక ప్రయోగాలు తప్పనిసరి.

ఇటువంటి పరీక్షలు రైతును భయపెడతాయని, పంట ధర పడిపోతుందని అభ్యంతరం రావచ్చు. ఆ భయం నిరాధారం కాదు. మురుగునీటితో సేద్యం చేసే రైతు ఆ మురుగును సృష్టించలేదు. ఫలితం చెప్పి చేతులు దులుపుకోకుండా, లోహాలను ఎక్కువగా కూడబెట్టే ఆకుకూరలకు బదులు పూలు వంటి ఆహారేతర పంటలను, వాటికి మార్కెట్‌ను కూడా చూపాలి. కొలవకపోవడం వల్ల రైతుకు రక్షణ కలగదు. ఆ పంటను ముందుగా తినేది అతని కుటుంబమే. మరమ్మతు శక్తి కోల్పోయిన కణానికి తిరిగి ఆ శక్తిని ఇవ్వగల ఎరువు ఏదీ లేదు. లోహాన్ని నేలలోనే ఆపగల విజ్ఞానం మాత్రం వ్యవసాయ శాస్త్రం చేతిలో ఉన్నది.