మెంఫిస్ బెల్ – షరతులు వర్తిస్తాయి

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ టీవీ రూములో 'మెంఫిస్ బెల్' అనే ఇంగ్లీషు సినిమా చూశాను. 1990లో వచ్చిన సినిమా అది. రెండో ప్రపంచయుద్ధంలో ఒక అమెరికన్ బాంబరు, అందులో పదిమంది కుర్రాళ్ళు, వాళ్ళ ఆఖరి మిషను. అది పూర్తి చేస్తే ఇంటికి పోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు చక్రం దిగక అవస్థపడుతుంటే హాస్టలంతా ఊపిరి బిగబట్టి చూశాం. అప్పట్నించీ నా బుర్రలో ఒకటే ముద్ర – ఇరవైఐదు మిషన్లు పూర్తి చేసిన మొట్టమొదటి విమానం మెంఫిస్ బెల్.

ఆ మధ్య మావాణ్ణి తీసుకుని ఒహాయోలోని డేటన్‌కి వెళ్ళాను. అక్కడ అమెరికన్ ఎయిర్‌ఫోర్సు వాళ్ళ మ్యూజియం ఉంది (టిక్కెట్టు లేదు, మనలాంటి వాళ్ళకి అదో ఆనందం). 2018 మే 17 నుంచి మెంఫిస్ బెల్ అక్కడే ప్రదర్శనలో ఉంది. నేను వాడికి గొప్పగా చెప్పబోయాను, "చూశావా, పాతిక మిషన్లు చేసిన ఫస్టు విమానం ఇదే" అని. వాడు అక్కడి వివరం చదివి, "కాదు నాన్నా, పాతిక చేసి అమెరికాకి తిరిగొచ్చిన వాటిల్లో ఫస్టు అంట" అన్నాడు. రెండూ ఒకటే కదా అనబోయి ఆగిపోయాను. రోజూ పొద్దున లేస్తే కండిషన్లు రాసుకుంటూ బతికేవాణ్ణి, మధ్యలో ఉన్న ఆ 'మరియు' నా కంటికి ఆనకపోవడం ఏమిటి?

సరే, అసలు కథలోకి వద్దాం.

మెంఫిస్ బెల్ బోయింగ్ వాళ్ళ బి-17 రకం. నాలుగు ఇంజన్లు, పదిమంది సిబ్బంది. ఇంగ్లండులోని బాసింగ్‌బోర్న్ స్థావరంలో 91వ బాంబర్ గ్రూపుకి చెందింది. పైలట్ కెప్టెన్ రాబర్ట్ మోర్గాన్. మెంఫిస్ నగరంలో ఉన్న తన ప్రియురాలు మార్గరెట్ పోక్‌ని తల్చుకుని ఆ పేరు పెట్టుకున్నాడు. 1942 నవంబరు 7న ఫ్రాన్సులోని బ్రెస్ట్ మీద దాడితో దాని లెక్క మొదలైంది.

పాతిక అన్నది చిన్న అంకె కాదు. అప్పట్లో జర్మనీ లోపలిదాకా తోడు వెళ్ళగల ఫైటర్లు లేవు. పట్టపగలే వెళ్ళేవాళ్ళు. ఒక్కో దాడిలో వందకి ఐదు విమానాలు తిరిగి రావనుకుందాం. తొంభైఐదు శాతాన్ని పాతికసార్లు గుణించి చూడండి, మిగిలేది ఇరవైఎనిమిది శాతం లోపు! అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు పోయినట్టే. యుద్ధం ముగిసేసరికి ఆ ఎనిమిదో ఎయిర్‌ఫోర్సులో చనిపోయినవాళ్ళు సుమారు 26 వేలమంది. కాబట్టి మోర్గాన్ బృందం గొప్పతనాన్ని నేను ఇసుమంత కూడా తక్కువ చెయ్యట్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా.

ఇక లెక్కలు. మోర్గాన్ బృందం తమ పాతికో మిషన్ని 1943 మే 17న, ఫ్రాన్సులోని లోరియాన్ మీద పూర్తి చేసింది. సినిమాలో బ్రెమెన్ అని చూపించారు గానీ అది కల్పన. పోనీ, విమానం పాతిక కూడా ఆరోజే పూర్తయిందా? లేదు. అవసరాన్ని బట్టి ఒకరి విమానం ఇంకొకరు నడిపేవాళ్ళు. విమానం పాతిక మే 19న కీల్ మీద పూర్తయింది. దాన్ని నడిపింది వేరే పైలట్, వేరే బృందం. సినిమా సరే, నా చిన్నప్పటి ముద్రలో కూడా ఆ పదిమందికీ చోటు లేదు.

ఇంకో సంగతి. మెంఫిస్ బెల్ కంటే ముందే, మే 13న, 303వ గ్రూపుకి చెందిన 'హెల్స్ ఏంజెల్స్' అనే మరో బి-17 తన పాతిక పూర్తి చేసేసింది. చేసి ఇంటికి వెళ్ళిందా అంటే, లేదు. అక్కడే ఉండి మొత్తం 48 మిషన్లు చేసింది. 1944లో గానీ అమెరికా చేరలేదు. వెరసి, పని ముందు పూర్తి చేసినా ఇంటికి ఆలస్యంగా వెళ్ళింది కాబట్టి అది ఫస్టు కాదు! యుద్ధం అయ్యాక తుక్కు కింద పోయింది.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది 'హాట్ స్టఫ్' కథ. ఇది బి-24 లిబరేటర్. 93వ గ్రూపుది. పైలట్ కెప్టెన్ రాబర్ట్ షానన్. 1943 ఫిబ్రవరిలోనే పాతిక దాటేసి, మొత్తం 31 మిషన్లు చేసిందని చెప్తారు. (ఆ గ్రూపు కొన్నాళ్ళు ఉత్తరాఫ్రికా వెళ్ళి కూడా పని చేసింది కాబట్టి ఏది 'యూరప్ మిషను', ఏది కాదు అని వాదించేవాళ్ళు వాదించొచ్చు.) మే 3న హాట్ స్టఫ్ అమెరికాకి బయల్దేరింది. ఐరోపా రంగంలో అమెరికన్ సైన్యాలకి అధిపతి అయిన లెఫ్టినెంట్ జనరల్ ఫ్రాంక్ ఆండ్రూస్ అందులో ఎక్కాడు. ఆయనకీ, ఆయన వెంట ఉన్నవాళ్ళకీ చోటు కావాలి కదా, అసలు సిబ్బందిలో కొందరిని దించేశారు. దారిలో ఐస్‌లాండ్‌లో వాతావరణం బాగాలేదు. మేఘాల్లో ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ అనే కొండని గుద్దేసింది. పదిహేనుమందిలో పధ్నాలుగుమంది పోయారు. తోకభాగంలో ఉండే గన్నరు ఒక్కడే బతికాడు.

ఆ కొండ పేరు మీరు వినే ఉంటారు. 2021 మార్చిలో అగ్నిపర్వతం బద్దలై జనాలు వెళ్ళి లావా ముందు ఫొటోలు దిగారే, అదే. ఆండ్రూస్ పేరు కూడా విన్నదే. అమెరికా అధ్యక్షుడి విమానం ఎగిరే ఆండ్రూస్ స్థావరం ఆయన పేరు మీదే. కొండ మిగిలింది, జనరల్ పేరు మిగిలింది, విమానం పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఆ ఒక్క ల్యాండింగు సవ్యంగా జరిగుంటే ఊరూరా తిరిగి దండలు వేయించుకునేది హాట్ స్టఫ్పే కదా అనిపిస్తుంది.

మరి మెంఫిస్ బెల్లే ఎందుకు? నా ఉద్దేశంలో జవాబు సింపులు. దానికి సినిమా ఉంది. హాలీవుడ్ దర్శకుడు విలియం వైలర్ యూనిఫారం వేసుకుని బాసింగ్‌బోర్న్‌లో దిగి, తనే బాంబర్లలో ఎక్కి షూటింగ్ చేశాడు. ఆయన బృందంలోని హెరాల్డ్ టానెన్‌బామ్ 1943లో అలాంటి ఓ షూటింగుకి వెళ్ళి ప్రాణాలే పోగొట్టుకున్నాడు. ఆ డాక్యుమెంటరీ 1944లో విడుదలైంది. అంతకుముందే, 1943 జూన్‌లో, విమానాన్నీ మోర్గాన్ బృందాన్నీ ఇంటికి పిలిపించి, యుద్ధ బాండ్లు అమ్మడానికీ, జనంలో ధైర్యం నింపడానికీ ఊళ్ళు తిప్పారు. అప్పటికి అది అవసరమే. కొడుకుల్ని పంపించిన తల్లిదండ్రులకి "వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు" అని చూపించడానికి తిరిగొచ్చిన విమానమే కావాలి. కొండని గుద్దుకున్న విమానాన్ని ఊళ్ళు తిప్పలేరు.

అందులో నాకు తప్పేమీ కనబడదు. ఎనభయ్యేళ్ళు దాటాక కూడా మనం ఆ ప్రచారాన్నే చరిత్రగా చెప్పుకోవడం దగ్గరే నా అభ్యంతరం. మ్యూజియం వాళ్ళు నిజాయితీగా పూర్తి వాక్యం రాశారు. కుదించింది నాలాంటి వాళ్ళం. "పాతిక పూర్తిచేసి ఇంటికి వచ్చిన మొదటిది" అన్న వాక్యంలోంచి రెండు మాటలు తీసేస్తే హెల్స్ ఏంజెల్సూ, హాట్ స్టఫ్పూ మాయం. అబద్ధం చెప్పక్కర్లేదు, కండిషన్ ఒకటి తీసేస్తే చాలు.

ఆ పాతిక దేన్ని కొలుస్తుందో కూడా చూడాలి. బతికి వచ్చిన సార్లని కొలుస్తుంది, అంతే. లోరియాన్‌నే తీసుకోండి. గురి అక్కడి జర్మన్ జలాంతర్గాముల స్థావరం మీద. 1943 మొదటి నెలల్లో, ముఖ్యంగా బ్రిటిష్ వాళ్ళ దాడుల్లో, ఊరు దాదాపుగా నేలమట్టమైంది. మీటర్ల మందాన పోసిన ఆ కాంక్రీటు షెడ్లు మాత్రం ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. విమానం ముక్కు మీద వేసిన బాంబు బొమ్మల్లో ఈ సంగతి కనబడదు.

బొమ్మల్లో కనబడనిది ఇంకొకటుంది, గ్రౌండ్ సిబ్బంది. తూట్లు పడి వచ్చిన విమానాన్ని రాత్రంతా చలిలో నిలబడి బాగుచేసి మళ్ళీ ఎగిరేలా చేసిన జో జియాంబ్రోన్ బృందం. ఆయన ఆ విమానానికి క్రూ చీఫ్. మన భాషలో చెప్పాలంటే సపోర్టు టీము :)

ఇదంతా నన్ను ఇంత ఎందుకు పట్టుకుందంటే, నా దగ్గరా ఓ హాట్ స్టఫ్ ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో, పాత సిస్టం డేటా అంతా కొత్తదానికి మార్చే పని. నేనూ, ఇంకో కుర్రాడూ. కష్టమైన భాగమంతా అతనే చేశాడు. ఎనిమిది నెలలు శని, ఆదివారాలు కూడా ఆఫీసులోనే. ఇంకో మూడు వారాల్లో లైవ్ అనగా, వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగాలేక అన్నీ వదిలేసి ఊరికి వెళ్ళిపోయాడు. డెమో నేనిచ్చాను. చప్పట్లు నాకు. ఒక అద్దం ముక్క మీద నా పేరు చెక్కి ఇచ్చారు. "ఇది ఫలానావాడి పని" అని ఆ మైకులో ఒక్క వాక్యం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అబద్ధం కూడా ఏమీ చెప్పలేదు, కండిషన్ ఒకటి తీసేశానంతే.

డేటన్ నించి వచ్చాక అతనికి ఫోన్ చేసి ఈ సంగతి ఎత్తాను. "అవన్నీ ఇప్పుడెందుకు బాసూ, వదిలెయ్" అని నవ్వేశాడు. నాన్నగారు ఆ ఏడాదే పోయారట. అదీ నాకు తెలీదు.

మోర్గాన్ విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. ఇంటికొచ్చాక ఆయన హాయిగా ఉండిపోవచ్చు. ఉండలేదు, బి-29 బాంబరు తీసుకుని పసిఫిక్‌కి వెళ్ళి, 1944 నవంబరు 24న టోక్యో మీద మొదటి బి-29 దాడిలో పాల్గొన్నాడు. మార్గరెట్‌తో పెళ్ళి జరగలేదు. విమానాన్ని 1946లో మెంఫిస్ నగరం 350 డాలర్లకి కొని, దశాబ్దాల పాటు ఆరుబయట ఎండకీ వానకీ వదిలేసింది. వచ్చినవాళ్ళు పనిముట్లు కూడా పీక్కుపోయారు. ఫస్టు వచ్చినదాని గతి కూడా అంతే మరి.

మావాడు డేటన్‌లో ఇంకో ప్రశ్న కూడా అడిగాడు, "మరి తిరిగి రాని వాటిల్లో ఫస్టు ఏది నాన్నా?" అని. నా దగ్గర జవాబు లేదు. మీరెప్పుడైనా 'మొట్టమొదటి' అన్న మాట వాడబోతే, పూర్తి వాక్యం చెప్పండి. మైకు చేతిలో ఉన్నప్పుడే చెప్పండి.