పాత ఫొటోలే కొలబద్దలు

నమూనాలు చేసేవాళ్లకు పాత ఫొటోను మించిన గురువు లేదు. అందుకే ఈ సంచికను వాటికే కేటాయించాం.

1936లో అలబామాలోని బర్మింగ్‌హామ్ దగ్గర వాకర్ ఎవాన్స్ తీసిన రోడ్డు పక్క దుకాణం ఫొటో చూడండి. గోడ మీద చేత్తో రాసిన అక్షరాలు, చేప బొమ్మ, ముందు పుచ్చకాయలు పట్టుకున్న కుర్రాళ్లు. ఇలా ఎదురుగా తీసిన ఫొటోలో తలుపు ఎత్తు ఏడడుగులు అనుకుంటే, 1:87 స్కేలులో అది 24.5 మిల్లీమీటర్లు. ఆ ఒక్క కొలత చిక్కితే ముందు గోడంతా లెక్క కట్టేయొచ్చు.

యంత్రాలకైతే 1942–43లో షికాగో రైల్వే యార్డుల్లో, షెడ్లలో జాక్ డెలానో తీసిన రంగుల ఫొటోలున్నాయి. ఇంజనుకు నల్లరంగు పూసేసి పనైపోయిందనుకునేవాళ్లు వాటిని తప్పక చూడాలి. మసి ఎక్కడ పేరుకుంటుందో, ఏ ఇనుము ఏ రంగుకు తిరుగుతుందో తెలుస్తుంది. పెట్రోలు బంకులు, మోటెళ్ల రంగులు కావాలంటే జాన్ మార్గోలిస్ స్లైడ్లు 11 వేలకు పైగా ఉన్నాయి. ఇవన్నీ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచినవే.

మీ ఊరి పాత రైసుమిల్లును కూల్చకముందే ఎదురుగా నిలబడి ఓ ఫొటో తీయండి. పక్కన మీటరు కర్ర పెట్టడం మరవకండి. మాకు పంపితే రాబోయే సంచికల్లో వేస్తాం.

– సంపాదకుడు