లింక్ పంపినోడూ మనలాంటి కుర్రాడే కావచ్చు



"ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని రోజూ వింటూనే ఉన్నాం. అయినా డబ్బులు పోతూనే ఉన్నాయి. ఎందుకంటే మోసం ఓటీపీ దగ్గర మొదలవదు, మన అవసరం దగ్గర మొదలవుద్ది.

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా సంగతి గుర్తుందా? సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు మనిషికి లక్షన్నర దాకా గుంజారు. తీరా తీసుకెళ్లింది కంబోడియాకి. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశపోళ్లనే ఆన్‌లైన్‌లో దోచమన్నారు. టార్గెట్ చేయనోళ్లని తిండి పెట్టకుండా హింసించారు. మే 20న సిహనూక్‌విల్‌లో వందల మంది తిరగబడ్డారు. ఆ తర్వాతే కొందరు విశాఖ చేరారు.

అంటే ఉద్యోగం ఎర చూపి ఒకణ్ణి పట్టారు, వాడి చేతనే ఇంకొకరికి గాలం వేయించారు.

పాడేరులోనో అరకులోనో డిగ్రీ చేసి, గాజువాకలో గది తీసుకుని పని వెతుక్కునే మీకు "పోర్టులో పోస్టు, స్టీల్‌ప్లాంట్‌లో పోస్టు" అని మెసేజ్ వస్తే మనసు లాగుద్ది. 2020లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేశాక ఏజెన్సీ టీచరు పోస్టుల మీదున్న భరోసా కూడా పోయింది. మన ఆకలి దొంగకి బాగా తెలుసు. అందుకే ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ లేకపోతే ఆ ఉద్యోగం లేనట్టే అనుకోండి. ఎవరిదో ఫోన్‌పే నంబరుకి ఫీజు కట్టమన్నా అంతే. విదేశమైతే ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి.

ఊళ్లో అమ్మానాన్నలకీ చెప్పండి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే నొక్కొద్దు. మనకి డబ్బు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే.

పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి. దొంగ ఆ డబ్బుని ఖాతాలు మార్చేలోపే చెప్తే ఆపే వీలుంటుంది. సిగ్నల్ లేని ఊరైతే సిగ్నల్ దొరికే కొండకి అప్పుడే బయల్దేరండి, తెల్లారే దాకా ఆగొద్దు.

మనోడెవరైనా మోసపోతే "చదువుకున్నావు గదా, ఆ మాత్రం తెలీదా" అనకండి. ఆ మాటకి భయపడే చాలామంది నోరు మూసుకుంటారు. మన మౌనమే దొంగకి పెట్టుబడి. పక్కన కూర్చుని 1930కి ఫోన్ కలిపివ్వండి.