ఉప్పు రవ్వంత సున్నం

మొన్న మధ్యాహ్నం గోంగూర ఒలుచుకుంటూ ఉంటే మా వదిన వచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి, ముఖం పీక్కుపోయి ఉంది. సంచీలోంచి ఓ కాగితం తీసి, "చదువు. మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు" అంది. పక్కింటావిడకి జబ్బు చేసిందని భయపడి తనూ తీయించుకున్న మామోగ్రాం రిపోర్టు అది. 'మైక్రో కాల్సిఫికేషన్స్' అని ఉంది. వచ్చి మూడు వారాలైందట! బీరువాలో చీరల కింద దాచింది.

"చేతికి గడ్డేమీ తగలటం లేదుగా! మోకాళ్ళ నొప్పులకి వేసుకునే కాల్షియం బిళ్ళల వల్లే అయ్యుంటుంది. మానేశాలే" అంది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా చెప్పిన సంగతులు మీకూ చెబుతాను.

రొమ్ములో అక్కడక్కడా సున్నం పేరుకోవడం 50 దాటినవాళ్ళలో మామూలే. మనం వేసుకునే బిళ్ళలకీ, పాలు పెరుగులకీ దీనికీ సంబంధం లేదు. ఆ సున్నం ముతకగా, పెద్ద గింజల్లా ఉంటే సాధారణంగా భయం లేదు. ఉప్పు రవ్వల్లా సన్నగా, ఒకేచోట గుంపుగానో బారుగానో, తలో ఆకారంలో ఉంటే మాత్రం అశ్రద్ధ చేయకూడదు. వీటిలోనూ ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. కానీ కొందరిలో, పాలనాళాలు దాటి బయటికి పాకని తొలిదశ క్యాన్సర్‌కి ఈ రవ్వలొక్కటే గుర్తు. గడ్డ ఉండదు, నొప్పి ఉండదు. అప్పుడే పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది.

అనుమానం వస్తే ఆ చోటు పెద్దదిగా కనబడేలా మళ్ళీ ఫిల్ము తీస్తారు. కొందరిని 6 నెలలాగి రమ్మంటారు. అవసరమైతే ఆ చోట మొద్దుబారేలా మందిచ్చి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు.

ఒక చిన్న జాగ్రత్త. మామోగ్రాంకి వెళ్ళేరోజు చంకల్లో, రొమ్ముల మీద పౌడరు, సెంటు రాసుకోకండి. ఆ పొడి కూడా ఫిల్ములో సున్నపు రవ్వల్లాగే కనబడవచ్చు. పాత ఫిల్ములుంటే తప్పకుండా పట్టుకెళ్ళండి, పోల్చి చూస్తారు.

వదినకి సూది పరీక్ష అయింది. ఫలితం శుక్రవారం వస్తుంది. ఆ రాత్రే అన్నయ్యకి తనే అంతా చెప్పిందట. "మూడు వారాలు ఒక్కదానివే మోశావా?" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. శుక్రవారం ఇద్దరూ కలిసే వెళ్తున్నారు.

మీ బీరువాలో కూడా ఇలాంటి కాగితం ఏదైనా దాగి ఉంటే ఇవాళే బయటికి తీయండమ్మా. బీరువాలో దాచుకోవలసినవి చీరలూ నగలూనే!