పాయింట్లున్నాయి, గదుల్లేవు

మా బావగారి దగ్గర పాయింట్లున్నాయి. ఎన్నని అడక్కండి, బోలెడు. ఏటా ఏప్రిల్లో కొత్తవి వచ్చి ఖాతాలో పడతాయి. మార్చి ఆఖరుకి పాతవి కొన్ని చచ్చిపోతాయి. ఈ రెంటికీ మధ్య ఆయన ఫోన్లు చేస్తుండేవారు. 'సారీ సార్, ఆ తేదీల్లో అవైలబిలిటీ లేదు' అని అవతల ఓ అమ్మాయి మహా మర్యాదగా చెప్పేది. 'పోనీలేమ్మా' అని ఈయనా అంతే మర్యాదగా పెట్టేసేవారు. ఉన్న మర్యాదంతా ఫోన్లోనే ఖర్చయిపోవడం వల్ల, ఆ తర్వాత కాఫీలో పంచదార తక్కువైందని మా అక్క మీద విరుచుకుపడేవారు. ఆరేళ్లపాటు వాళ్లింట్లో నడిచిన భాగోతం ఇది.

కథ 2017లో మొదలైంది. బావగారు బ్యాంకులో రిటైరై అప్పటికి నాలుగు నెలలు. మాల్‌లో సరుకులు కొని బయటికొస్తుంటే టై కట్టుకున్న కుర్రాడెవరో కూపన్ నింపమన్నాడు. మూడోరోజుకల్లా ఫోను... 'కంగ్రాచ్యులేషన్స్ సార్, మీకు బహుమతి తగిలింది. దంపతులిద్దరూ వచ్చి తీసుకోవాలి' అని. ఇలాంటి బహుమతులు మీలో చాలామందికి తగిలే ఉంటాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ అప్పుకోసం వచ్చినవాళ్లను ఎగాదిగా చూసి, కాగితాలు నాలుగుసార్లు తిరగేసి గానీ సంతకం పెట్టని మనిషి, ఏసీ హాల్లో మూడు గంటలు కూర్చుని, తెరమీద కొండలూ లోయలూ చూసి, అక్కడ మనవలు ఆడుకుంటున్నట్టు ఊహించుకుని, 3 లక్షల 40 వేలకు సంతకం పెట్టేశారు. పాతికేళ్ల సభ్యత్వం. ఏడాదికి ఏడు రాత్రులకు సరిపడా పాయింట్లు. మెయింటెనెన్స్ ఏటా 17 వేలు వేరే. గడువు 2042లో తీరుతుంది. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు. ఇంతకీ బహుమతి ఏమిటంటారా? మూత సరిగ్గా పట్టని ప్లాస్కు.

అది పీఎఫ్ డబ్బు. అయినా అక్క గొడవ పెట్టుకోలేదు. ఒక్కటే అడిగింది. "పిల్లలందరూ వచ్చినప్పుడు నేను వంటింట్లోకి వెళ్లక్కర్లేని నాలుగు రోజులు కావాలండీ. అంతే" అంది. కొడుకు న్యూజెర్సీలో, కూతురు బెంగళూరులో. రెండుమూడేళ్లకోసారి అందరూ ఒకచోట చేరతారు. చేరిన ఆ పదిహేను రోజులూ ఆవిడ పొయ్యి ముందే ఉంటుంది. మనవలు ఏం మాట్లాడారో, అల్లుడు ఏం జోకు వేశాడో పోపు చప్పుడులో వినపడదు. అందరూ విమానం ఎక్కాక నడుం పట్టుకుని కూర్చుని, ఫోన్లో ఫొటోలు చూసుకుంటుంది. ఆ ఫొటోల్లో ఆవిడ ఉండదు. అందుకని 'నాలుగు రోజులు' అన్నది ఊరికే అన్న మాట కాదు.

2018లో దసరాకి అడిగారు. లేదన్నారు. ఆ ఏడే కొడైకెనాల్ కొండల్లో నీలకురింజి పూసింది. పన్నెండేళ్లకోసారి పూసే పువ్వది. మళ్లీ 2030లోనే. మా బావగారి గదికంటే అదే నయం, కనీసం ఏ ఏడాది పూస్తుందో తెలుసు. 2019 డిసెంబరులో కొడుకు కుటుంబంతో వచ్చాడు. క్రిస్మస్ వారంలో గదుల్లేవు, వెయిటింగ్ లిస్టులో పెడతామన్నారు. లిస్టు కదల్లేదు. 2020లో కరోనా వచ్చింది, ఎవరూ ఎక్కడికీ కదల్లేదు, మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఏ లాక్‌డౌనూ లేకుండా ఇంటికొచ్చింది. కట్టకపోతే బుకింగే తెరుచుకోదు కాబట్టి కట్టారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి భార్యాభర్తలిద్దరూ ఎవరూ అడగని ఊరికి ఎవరూ వెళ్లని నెలలో రెండు రాత్రులు వెళ్లొచ్చారు. ఇక 2022 డిసెంబరు. అబ్బాయి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే అమ్మాయి, అదే మర్యాద.

బావగారు దీన్ని మోసం అంటారు. నేను చాలాకాలం ఆ మాటే అన్నాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే, మోసం కంటే ముందు కూడికలూ తీసివేతలే మనల్ని పట్టుకున్నాయని తేలింది. ఒక్క గదిని తీసుకోండి. ఏడాదికి 52 వారాలు. ఒక వారం సున్నాలకూ మరమ్మతులకూ వదిలేస్తే 51. అంటే ఆ గది మీద, తలా ఒక వారం చొప్పున, 51 కుటుంబాలకు సభ్యత్వం అమ్మొచ్చు. న్యాయంగా అమ్మినట్టే. కానీ ఆ 51 ఇళ్లల్లోనూ బడికి వెళ్లే పిల్లలుంటారు. దసరా సెలవులు అందరికీ ఒక్కసారే. సంక్రాంతి ఒక్కసారే. ఏప్రిల్ ఆఖరునుంచి జూన్ రెండోవారం దాకా ఎండాకాలం సెలవులు. దసరా వారం ఒకరికి దొరికితే 50 మందికి 'సారీ సార్' చెప్పక తప్పదు. సంక్రాంతికి విజయవాడ రైలు లాంటిదే. కాకపోతే రైల్లో బెర్తు ఖాయం కాకపోతే టికెట్ డబ్బులు వెనక్కి వస్తాయి. ఇక్కడ పాతికేళ్ల చార్జీ ముందే పుచ్చేసుకున్నారు.

మొదట్లో ఈ వ్యాపారం ఇలా ఉండేది కాదు. యూరప్‌లో 1960లలో పుట్టింది. 1963లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన హాపిమాగ్ తొలితరం సంస్థల్లో ఒకటి. తర్వాత అమెరికాకు పాకింది. అక్కడ చాలాకాలం అమ్మింది వారాలనే. ఫలానా గది, ఏటా ఫలానా వారం మీది. ఆ వారం మీరు వెళ్లినా వెళ్లకపోయినా గది మీకోసం ఖాళీగా ఉంటుంది. కానీ ఏటా అదే ఊరు, అదే వారం అంటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. అందుకని ఒకరి వారం ఇంకొకరితో మార్చుకునే ఏర్పాటుతో 1974లో ఇండియానాపోలిస్‌లో ఆర్‌సీఐ మొదలైంది. మన దేశానికి టైమ్‌షేర్ 1980లలో వచ్చింది. వారాలు పోయి పాయింట్లు రావడంతో ఎప్పుడైనా, ఎక్కడికైనా, ఎన్ని రోజులైనా వెళ్లొచ్చన్నారు. నిజమే. కానీ ఆ స్వేచ్ఛ మీ ఒక్కరికే ఇవ్వలేదు, పక్కవాడికీ ఇచ్చారు. వారం కొన్నవాడికి గది ఉండేది. పాయింట్లు కొన్నవాడికి ఉన్నది గది అడిగే హక్కు.

ఈ సంగతి మాకు విప్పి చెప్పింది మా మేనల్లుడే. 2022 డిసెంబరులో గది దొరక్క ఇంట్లోనే కూర్చున్న రోజుల్లో, "నాన్నా, ఆ కాగితాలోసారి ఇవ్వు" అన్నాడు. వాడికి అక్కడ డిస్నీ వాళ్ల వెకేషన్ క్లబ్బులో సభ్యత్వం ఉంది. 1991లో పెట్టిన పాయింట్ల పద్ధతే అది. అందులో కొన్నప్పుడే ఒక రిసార్ట్ మీ సొంతూరు లాగా రాసిస్తారు. అక్కడ గది కావాలంటే 11 నెలల ముందే అడగొచ్చు. మిగతా ఊళ్లకు 7 నెలల ముందు మాత్రమే. అంటే సొంతూరివాళ్లు తిన్నాకే పక్కూరివాళ్లకు బంతి వేస్తారన్నమాట. ఏ రోజు రాత్రికి ఎన్ని పాయింట్లో ఏడాదంతటికీ పట్టిక ఉంటుంది. ఒక సీజనులో పాయింట్లు పెంచితే ఇంకో సీజనులో తగ్గించాలి తప్ప మొత్తం పెంచకూడదని నియమం. ఈ ఏడాది వాడకపోతే, గడువు లోపల చెప్పి, వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. చాలకపోతే వచ్చే ఏడాదివి ముందే వాడుకోవచ్చు. బుకింగు తెరిచే రోజు పొద్దున్నే ఎనిమిదింటికి కంప్యూటరు ముందు కూర్చుంటాడట మావాడు. మనం తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లకు కూర్చున్నట్టు.

"నీ సొంత రిసార్ట్ ఏది నాన్నా?" అని వాడడిగితే బావగారు తెల్లమొహం వేశారు. "సొంతమేమిట్రా? ఇండియాలో ఎక్కడికైనా వెళ్లొచ్చన్నారు" అన్నారు. పద్నాలుగో పేజీలో సన్నక్షరాల్లో ఉంది. కొడైకెనాల్. అక్కడికి ఆయన 9 నెలల ముందే అడగొచ్చు, మిగతా ఊళ్లకు 6 నెలలు. ఆరేళ్లుగా ఈయన ఎప్పుడు ఫోన్ చేశారో తెలుసా? నెలన్నర ముందు. మూడు గంటలు కూర్చోబెట్టి స్విమ్మింగ్ పూలు చూపించిన కుర్రాళ్లు, ఈ ఒక్క ముక్క చెప్పడానికి తీరిక చేసుకోలేదు. చెబితే అమ్ముడుపోదని కాబోలు. తొమ్మిది నెలల ముందు సెలవు ఎప్పుడో ఖాయంగా చెప్పగలిగిన ఉద్యోగస్తుడు మనలో ఎంతమంది ఉన్నారు?

పట్టిక చూసి మావాడు ఇంకో సంగతి పట్టుకున్నాడు. "మావయ్యా, డిసెంబరులో ఒక గదికి పట్టే పాయింట్లతో జూలైలో రెండు గదులొస్తాయి, అదీ సోమవారంనుంచి గురువారం రాత్రిదాకా అయితే" అన్నాడు. అమెరికాలో బళ్లకు సెలవులు జూన్ చివరినుంచి ఆగస్టు దాకా. అప్పటికి మన పిల్లలు బడికి వెళ్లిపోయి ఉంటారు, కొండల మీద జనం పలచబడతారు. బెంగళూరు మనవరాలు ఎల్‌కేజీ. నాలుగు రోజులు మానేస్తే ఐఏఎస్ ఏమీ తప్పిపోదు. డిసెంబరు ప్రయాణం వేసవికి మార్చుకుంటే చాలు. ఇన్నేళ్లూ అందరూ ఎగబడే తలుపు దగ్గరే మేమూ తోసుకున్నాం.

2023 అక్టోబరు 8, ఆదివారం. దసరా సెలవులు ఇంకో వారంలో ఉన్నాయి. ఊళ్లో సభ్యులంతా ఆ సెలవులకు గదులు దొరకలేదని తిట్టుకుంటూ ఉండి ఉంటారు. బావగారు స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, టాబ్లెట్ ముందు కూర్చుని వచ్చే ఏడాది జూలై 8కి రెండు గదులు అడిగారు. ఒకటి వెంటనే వచ్చింది. రెండోది వెయిటింగ్. మళ్లీ గుండె జారింది. కానీ వెయిటింగ్ లిస్టుకీ ఓ లక్షణం ఉంది. జరిమానా లేకుండా రద్దు చేసుకునే ఆఖరి తేదీ ఒకటుంటుంది. పెద్ద సెలవుల మీద ఆశతో రెండుమూడు చోట్ల పట్టిపెట్టుకున్నవాళ్లు సరిగ్గా ఆ తేదీకి ముందు రెండు మూడు రోజుల్లో వదిలేస్తుంటారు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రం చూడమని కొడుకు చెప్పాడు. ఈయన గంటగంటకీ చూశారు. రెండో గదీ వచ్చింది. బ్యాంకులో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా ఆయన స్వీట్లు పంచలేదు. ఆ రోజు మైసూర్‌పాకు పంచారు.

మరి కొనడం మంచిపనేనా అని మీరడుగుతారని తెలుసు. పెళ్లి శుభలేఖ వెనకాల లెక్క కట్టాను. పాతికేళ్ల మెయింటెనెన్స్, ఒక్క రూపాయి పెరగదనుకున్నా, 4 లక్షల 25 వేలు. మొదటి సొమ్ముతో కలిపి 7 లక్షల 65 వేలు. ఏటా ఏడు రాత్రులూ తప్పకుండా వాడుకుంటే రాత్రికి 4,371 రూపాయలు. ఒక్క ఏడాది తప్పినా రేటు పైకి పోతుంది. మెయింటెనెన్స్ పెరగకుండా ఉండదు. ముందే కట్టిన డబ్బుకు వడ్డీ సంగతి మా బావగారి ముందు ఎత్తలేదు, బ్యాంకు మనిషి కదా, బాధపడతారు. వానాకాలంలో మామూలు రోజున అంతకంటే తక్కువకే కొడైకెనాల్లో మంచి గది దొరుకుతుంది, ఏ పాయింట్లూ లేకుండా. కాబట్టి నా ఓటు వద్దనే. యూరప్‌లో 2008 నాటి నిబంధన ప్రకారం సంతకం పెట్టాక 14 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. ఫ్లోరిడాలో పది రోజులు. మన దగ్గర టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల చట్టం, 1915 హెల్ప్‌లైన్, ఒప్పందంలో రాసుకున్న మాటలే దిక్కు.

అయినా ఏసీ హాలుకి వెళ్లే తీరతామంటారా, వెళ్లండి. ఎన్ని ఊళ్లలో రిసార్టులున్నాయని మాత్రం అడక్కండి, వాళ్లు అడక్కుండానే చెబుతారు. 'బాబూ, నీ సభ్యులు చూసుకునే బుకింగ్ స్క్రీన్ నా ముందు తెరువు. వచ్చే మే రెండో శనివారం ఊటీలో గది చూపించు' అనండి. తెరిస్తే మీకో సంగతి తెలుస్తుంది. తెరవకపోతే ఇంకా బాగా తెలుస్తుంది.

2024 జూలై 8న అందరూ వెళ్లారు. మదురై దాకా విమానం, అక్కణ్నుంచి దాదాపు 120 కిలోమీటర్లు వ్యాను. ఆ ఏడాది మేనుంచి కొండెక్కే బళ్లకు ఈ-పాస్ కావాలన్నారు, దాన్నీ బావగారే ముందుగా తీసి, రెండు కాపీలు ప్రింటు వేయించి జేబులో పెట్టుకున్నారు. నాలుగు రోజులూ మంచూ జల్లూ. పిల్లర్ రాక్స్ దగ్గర మంచే తప్ప రాయి కనపడలేదట. పిల్లలు సరస్సులో తడుస్తూ పడవెక్కారట. మూడోరోజు పొద్దున అక్కకు ఫోన్ చేశాను, వంటింటి బాధ తప్పినందుకు ఎలా ఉందో కనుక్కుందామని. వెనకాల పోపు చప్పుడు వినపడింది.

"ఏం చెయ్యమంటావురా? ఇక్కడ తిండి వేరే బిల్లట. రెండిడ్లీ రెండొందల పది! నా ప్రాణం ఒప్పుకోలేదు. గదిలో చిన్న పొయ్యి ఉంది. బజారుకెళ్లి రవ్వ తెచ్చి ఉప్మా చేస్తున్నా" అంది. "మరి నాలుగు రోజులు..." అని నేను నసిగితే నవ్వింది. "పొయ్యి ఈ గదిలోనే ఉందిరా. అందరూ ఇక్కడే మంచాల మీద కూర్చున్నారు. అన్నీ వినపడుతున్నాయి" అంది. ఆ వెనకే బావగారి గొంతు, వచ్చే ఏడాదికి అక్టోబరులో ఏ తేదీన బుకింగ్ తెరుస్తారో అల్లుడికి వివరిస్తూ. ఈసారి కుక్కరు కూడా తీసుకెళ్తుందట అక్క.